పెళ్ళి, సంత, కరువు

నేను చేసిన ఉద్యోగానికి కర్నూలులో ఎవరికీ సరైన పేరు తెలియదు. సినిమావాళ్ళు లోకల్ కోఆర్డినేటర్ అనేవాళ్ళు. కల్లూరులో మా ఇంటి పక్కవాళ్ళు "సినిమాలకు మనుషుల్ని తోలే ఆయన" అనేవాళ్ళు. నాతో పాటు ఎం.ఏ. చరిత్ర చదివి లెక్చరర్లయినవాళ్ళు ఏమనేవాళ్ళో నా ముందర అనలేదు కాబట్టి చెప్పలేను. పని మాత్రం సులభం. హైదరాబాదు నుంచి షూటింగు కంపెనీ వస్తుంది. గుంపులో నిలబడడానికి నలభై మంది కావాలంటుంది. నేను నలభై మందిని బస్సెక్కించి తెస్తాను, సాయంత్రం ఎక్కడివాళ్ళను అక్కడ దింపుతాను. మధ్యలో వాళ్ళు చప్పట్లు కొట్టాలో, చావాలో డైరెక్టరు చెబుతాడు.

మా వాళ్ళు ఎక్కువగా చచ్చేవాళ్ళు. గండికోటలో చచ్చారు. ఓర్వకల్లు రాళ్ళ మీద చచ్చారు. కర్నూలు బురుజు కింద ఒకసారి బండ్లు నిలపడానికి చోటు లేక చావకుండానే తిరిగి వచ్చారు. కడపలో నాపరాళ్ళ వ్యాపారం చేసుకునే ఒక పెద్దమనిషి నా చేతుల మీదుగా పదకొండు సినిమాల్లో నరికించుకున్నాడు. ఇంట్లో కోడిని కోస్తే వీధి చివరికి వెళ్ళి నిలబడే మనిషి ఆయన. మీసం ఒక్కటే ఆయన చేసిన నేరం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ సలహా కోసం నా దగ్గరికి వస్తున్నారు. సలహాలు నా దగ్గర లేవు. ఒక తప్పు ఉంది. అది ఇస్తాను.

నా దగ్గర ఒక ఆల్బం ఉండేది. నాకు తెలిసిన మనుషుల ఫోటోలన్నీ మూడు భాగాలుగా పెట్టుకున్నాను. పెళ్ళి, సంత, కరువు. పెళ్ళి అంటే తెల్లగా ఉన్నవాళ్ళు. పెళ్ళి సీన్లలో ముందు వరుస, కలెక్టరు ఆఫీసులో ఉద్యోగులు, హీరోయిన్ స్నేహితురాళ్ళు వాళ్ళే. సంత అంటే చామనచాయ. బజారుకీ బస్టాండుకీ వాళ్ళు సరిపోతారు. కరువు అంటే మిగిలినవాళ్ళు. కూలీలు, రౌడీలు, ఎండిన చేలో నిలబడి ఆకాశం వైపు చూసేవాళ్ళు.

ఈ విభజన నాకెవరూ నేర్పలేదు. పెళ్ళి సీనుకు నల్లవాళ్ళను తెచ్చినందుకు కంపెనీలతో రెండేళ్ళు తిట్లు తిన్నాక దానంతట అదే వచ్చింది. తెల్లవాడి పాలన మీదా, వర్ణాల మీదా పరీక్షల్లో అదనపు కాగితాలు తీసుకుని మరీ రాసి ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాణ్ణి. ఆల్బం కట్టేటప్పుడు ఆ చదువు ఎక్కడా అడ్డం రాలేదు. మా ఆవిడ ఒకరోజు దాన్ని తిరగేసి, "మరి నీ ఫోటో దీంట్లో యాడ పెడ్తావు?" అంది.

"కరువులో, రెండో పేజీ," అన్నాను.

"మొదటి పేజీ," అని ఆల్బం మూసి వంటింట్లోకి పోయింది.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోటోలు వాటిలోకి ఎక్కాయి. దాంతో నాకు ఇంకో అలవాటు అబ్బింది. కంపెనీకి ఎవరి ఫోటో పంపినా ముందు కాస్త వెలుగు పెంచేవాణ్ణి. ఫోన్లో రెండు గీతలు పక్కకు జరిపితే చాలు, మిట్టమధ్యాహ్నం పొలంలో ఉన్న మనిషి ఊటీలో పుట్టి పెరిగినట్టు తేలేవాడు. దాన్ని మోసం అనుకోలేదు. ఉపకారం అనుకున్నాను. వాళ్ళకు నాలుగు వేషాలు రావాలి కదా. కొన్నాళ్ళకు అది ఎంత అలవాటైందంటే, చూపుడువేలు నన్ను అడగడం మానేసింది.

నేను ఈ పని మానుకోవడానికి కొన్నేళ్ళ ముందు ఒక కుర్ర డైరెక్టరు మా ఇంటికి వచ్చాడు. మంచివాడు. చెప్పులు బయట విడిచాడు, మజ్జిగ తాగాడు. ఇప్పటిదాకా సినిమాలు మా సీమకు చేసిన అన్యాయం గురించి నాకే వివరంగా చెప్పాడు. తన సినిమాలో కత్తులుండవన్నాడు, జీపులు గాల్లోకి లేవవన్నాడు. హీరోయిన్‌కు ఒక అక్క ఉంది. ఉపాధి పనుల్లో మట్టి తవ్వే కూలి. ఆమెకు ఉన్నది ఒక్క సీను. జాబితాలో తన పేరు కొట్టేసిన మేస్త్రీ ముందు నిలబడి ఆరు మాటలు అడుగుతుంది. సినిమా అంతా ఆ ఆరు మాటల చుట్టూ తిరుగుతుందట.

"నాకు నటి వద్దు సార్. ఈ మట్టి మనిషి కావాలి. మీరే వెతకాలి," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆ మాట నన్నడిగిన మొదటి డైరెక్టరు. ఆ ఉత్సాహంలో మర్నాడే కోసిగి పోయాను. అక్కడ నాకు తెలిసిన ఒక ఆమె ఉంది. నలభైకి కాస్త ఇటు. మంచి నలుపు. ఎదుటివాళ్ళను చూస్తే చూపు తిప్పుకోదు. నా గుంపులో రెండు సినిమాలకు వచ్చింది, రెండుసార్లూ వెనక వరుసే. నేను వెళ్ళేసరికి మూటలు కడుతోంది. ఆ ఊళ్ళో పంట చేతికి రాని ఏడాది ఇళ్ళకు తాళాలు వేసి మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు.

"లారీ మాట్లాడుకున్న్యారు సారూ. అందరం పోతాండాం," అంది.

"నువ్వు ఆగు. వేషం ఉంది. మాటలుండే వేషం."

"మాటలా?" మూట ముడి వదలకుండానే నవ్వింది. "మీ సినిమాల్లో మాకు మాటలు యాడివి సారూ? పోయినసారి 'ఓ' అనమన్న్యారు. అదీ అందరితో కలిసి."

"ఈసారి ఆరు మాటలు. నువ్వొక్కదానివే."

కాసేపు నా మొహం చూసింది. "లారీ పోతే మళ్ళీ రాదు సారూ. నమ్మమంటావా?"

"నాది పూచీ," అన్నాను.

లారీ పోయింది. ఆమె ఉండిపోయింది. ఆరు మాటలూ ఆమె ఫోనులో నా గొంతుతో రికార్డు చేసి ఇచ్చాను. మరో నాలుగు రోజులకు ఫోను చేసి, గొర్రెల ముందర చెప్పి చెప్పి కంఠతా వచ్చేసిందని, గొర్రెలకు కూడా వచ్చేసుంటుందని చెప్పింది.

ఆమె ఫోటో ఆ రోజే తీశాను. ఆ రోజే కంపెనీకి పంపాను. పంపేముందు నా వేలు తన పని తాను చేసుకుపోయింది.

రెండు రోజులకు డైరెక్టరు గొంతుతో కబురు వచ్చింది. "ఆవిడ బాగున్నారు సార్. కానీ కూలీలా లేరు. కొంచెం టౌన్ మనిషిలా ఉన్నారు. ఇంకా నల్లగా ఉండాలి."

కోసిగి మనిషి నల్లగా లేదన్న ఫిర్యాదు బహుశా చరిత్రలో అదే మొదటిది. చరిత్ర చదివినవాణ్ణి, అనుమానించాల్సింది. అనుమానించలేదు. వద్దనడానికి మర్యాదగా వెతుక్కున్న సాకు అనుకున్నాను. వారం తిరక్కుండా ఆ వేషానికి ముంబయి నుంచి ఒక నటిని ఖాయం చేశారని ప్రొడక్షన్ మేనేజరు చెప్పాడు. "నలభై మంది కూలీలను మాత్రం తీసుకురండి," అన్నాడు.

ఆ సంగతి కోసిగికి చెప్పాలని రెండుసార్లు ఫోను చేశాను. రెండుసార్లూ ఆమె ఎత్తీ ఎత్తగానే ఆరు మాటలూ అప్పజెప్పి, "ఎట్లుండాది సారూ?" అంది. "బాగుంది," అని పెట్టేశాను. నా వృత్తిలో నేను చేసిన నటన అంతే.

షూటింగు కోడుమూరు దాటాక ఒక బీడులో. శివరాత్రి ఇంకా రాలేదు, ఎండ మాత్రం వచ్చేసింది. నలభై మందీ పారలు, గంపలు పట్టుకుని గుంతల పక్కన నిలబడ్డారు. కోసిగి ఆమె వాళ్ళలోనే ఉంది. పిలుస్తారని చూస్తోంది. నేను ఆమె కంటబడకుండా మంచినీళ్ళ డ్రమ్ముల దగ్గర ముఖ్యమైన పని ఉన్నట్టు తిరుగుతున్నాను.

గొడుగు కింద ముంబయి నటికి రంగు పూస్తున్నారు. పాతికేళ్ళ పిల్ల. పాలలాంటి ఒళ్ళు. మేకప్ ఆయన చెన్నైలో పని నేర్చిన పాత మనిషి, నాకు స్నేహితుడు. మొహానికి ఒక పూత, మెడకు ఒక పూత, చేతులకు మోచేతి పైదాకా ఒక పూత. ఎండకు చెమట పట్టి పూతలు కారుతున్నాయి. తుడవడం, మళ్ళీ పూయడం. మూడోసారి ఆయన స్పాంజి కింద పెట్టి డైరెక్టరుతో అన్నాడు: "మట్టి రంగు వస్తోంది సార్. మనిషి రంగు రావడం లేదు. చూసి కలుపుకోడానికి ఎవరన్నా ఉంటే బాగుండు."

డైరెక్టరు గుంతల వైపు చూశాడు. చూపు సరిగ్గా ఆమె మీద ఆగింది. "ఆమెను పిలవండి," అన్నాడు.

ఆమె పార ఇంకొకరి చేతికిచ్చింది. కొంగు దులిపి సర్దుకుంది. పెదవులు కదుపుకుంటూ వస్తోంది. ఏం చదువుకుంటోందో ఆ బీడులో నాకొక్కడికే తెలుసు.

మేకప్ ఆయన ఆమె చెయ్యి పట్టి నటి చెయ్యి పక్కన ఆనించాడు. చీరల దుకాణంలో జాకెట్టు గుడ్డను చీర పక్కన పెట్టి చూసినట్టు ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూశాడు. గిన్నెలో రంగు కలపడం మొదలుపెట్టాడు.

"ఏం సారూ?" ఆమె నన్ను చూసి అడిగింది. "నా సీను ఎప్పుడు?"

ఇంక డ్రమ్ముల దగ్గరికి పోవడానికి లేదు. "నీ సీను ఈ పాప చేస్తుందమ్మా," అన్నాను.

"మరి నన్నెందుకు పిలిచినారు?"

"నీ రంగు చూసి కలుపుకోవడానికి."

ఆమె అరవలేదు. మేకప్ ఆయన చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. "ఏమప్పా," అంది ఆయనతో, "నా చెయ్యి నా మొగానికి అతుక్కోని ఉండాది. మొగం వద్దన్న్యాక చెయ్యి మాత్రం యాడ దొరుకుతాది?"

మేకప్ ఆయన రంగు కలపడం ఆపేశాడు. ఆయన జీవితంలో రంగు విషయంలో ఎవరూ ఆయనకు సమాధానం చెప్పినట్టు లేరు.

డైరెక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఇలాంటి మనిషి తెలిసి ఉండి నాకు ఫోటో ఎందుకు పంపలేదు సార్?"

"పంపాను. మీరు టౌన్ మనిషి అన్నారు."

ఆయన తన ఫోను తీసి నేను పంపిన ఫోటో చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. అప్పుడు నేను, కాలేజీలో జవాబులు కూడా ఎప్పుడూ చెప్పనంత నెమ్మదిగా, నా వేలు చేసిన పని చెప్పాను. నల్లవాళ్ళు వద్దంటారని ఫోన్లు వచ్చినప్పటి నుంచీ తెల్లగా చేసి పంపాను. నల్లవాళ్ళు కావాలన్న మొదటిరోజు కూడా అదే చేశాను. ఈ తప్పు ఇంకెవరిదీ కాదు.

ఆయన నిజంగానే బాధపడ్డాడు. "కానీ ఇప్పుడు లేటయింది సార్. ఈ అమ్మాయి పేరు చెప్పి ఓటీటీవాళ్ళతో మాట్లాడాం. నలుపు కావాలనే చెప్పాం, కానీ వాళ్ళకు కాస్త..." అని చెయ్యి గాల్లో తిప్పాడు. ఆ తిప్పడంలో నా ఆల్బం మొత్తం ఉంది. నలుపు కావాలి, దాంతో పాటు మనిషి రాకూడదు.

కంపెనీకి నేను ఎదురుచెప్పింది అంతకుముందు ఒక్కసారే. అది సాంబారు గురించి. ఇది రెండోసారి. "ఒక్కసారి ఆమె చేత చెప్పించండి," అన్నాను. "వినకుండా వద్దంటే ఈ నలభై మందినీ బస్సెక్కిస్తాను."

కెమెరా లేకుండా, ఊరికే, రిహార్సల్ అన్నారు. మేస్త్రీ వేషగాడు ఎదురుగా నిలబడ్డాడు. ఆరు మాటలకు ముందు రాసిన పిలుపు ఒకటి ఆమె ముందే తీసేసింది. "మొదట 'రేయ్' అని రాసినారు సారూ. మేస్త్రీని రేయ్ అంటే రేపట్నుంచి పనికి ఎవురు పిలుస్తారు?" అంది. రచయిత పక్కనే ఉన్నాడు. ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

తర్వాత చెప్పింది. పక్క గుంతలో ఉన్నవాళ్ళకు వినబడేంత గొంతు, అంతకన్నా ఎక్కువ కాదు.

"మేస్త్రీ, నా పేరు యాడ? నిన్నటిదాకా ఉన్న్యది. గుంత నేనే తవ్వినా. గుంత కనపడతాండాది కదా. తవ్విన మనిషి కనపడలేదా? కనపడకుంటే, దగ్గరికొచ్చి చూడు."

మేస్త్రీ వేషగాడు, విజయవాడ మనిషి, తన మాట మరిచిపోయి ఒక అడుగు ముందుకు వేశాడు. నటి గొడుగు కింద లేచి నిలబడింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు.

డైరెక్టరు కళ్ళు మెరుస్తూ అసిస్టెంటు వైపు తిరిగాడు. "అద్భుతం. రికార్డు చేశావా? మేడమ్ చేత అచ్చం ఇలాగే చెప్పిద్దాం. గొంతు కావాలంటే ఈమెదే పెట్టుకోవచ్చు."

రంగు అడిగారు. తర్వాత చెప్పే తీరు అడిగారు. ఇప్పుడు గొంతు. ఆమెలో ఆమెకు ఏం మిగులుతుందో లెక్కగట్టే ఓపిక నాకు లేకపోయింది. బస్సు డ్రైవరుకు సైగ చేశాను. "పారలు ఈడనే పెట్టండమ్మా. అవి వాళ్ళవి," అన్నాను.

పిల్లలూ, ఇలాంటప్పుడు ఉపన్యాసం ఇవ్వాలనిపిస్తుంది. ఇవ్వకండి. మనుషులు బస్సెక్కే చప్పుడు చాలు. నలభై మందీ ఒక్క మాట లేకుండా ఎక్కారు. ఒక ముసలామె మాత్రం మెట్టు మీద ఆగి, "ఈపొద్దు చావకుండానే ఇంటికి పోతాండాం," అంది. బస్సంతా నవ్వింది. కోసిగి ఆమె నవ్వలేదు. కిటికీ పక్కన కూచుని తన చెయ్యి కొంగుతో తుడుచుకుంటోంది. దానికి ఏమీ అంటలేదు.

నేను ఆమె ముందు సీట్లో కూచున్నాను. "తప్పు నాది. లారీ పోనిచ్చింది నేను," అన్నాను.

"నీదే," అంది. అంతకన్నా సాయం చేయలేదు.

ఆ కంపెనీ నన్ను మళ్ళీ పిలవలేదు. దాని మాట విని మరో రెండు కంపెనీలు కూడా పిలవలేదు. ఇప్పటికీ కొందరు, పని పోగొట్టుకున్నావు, ఏం సాధించావు అంటారు. ముప్పై ఏళ్ళు ఆ పని నిలబెట్టుకుని ఏం సాధించానో మాత్రం ఎవరూ అడగరు.

ఆ రోజు మాత్రం బస్సు కోడుమూరు రోడ్డు ఎక్కబోతుండగా వెనక నుంచి మోటారుసైకిలు హారను మోగింది. ప్రొడక్షన్ మేనేజరు. ఒళ్ళంతా దుమ్ము. కిటికీ దగ్గరికి వచ్చి రొప్పుతూ అన్నాడు: "రండమ్మా, రండి. డైరెక్టరుగారు ఒప్పుకున్నారు. వేషం నీదే. ముంబయి ఆవిడ కూడా చేయనని కూచుంది. వెలుగు పోతోంది, తొందరగా!"

బస్సంతా ఆమె వైపు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె లేవలేదు.

"ఆ పాప మొగం కడిగినారా?" అని అడిగింది.

మేనేజరుకు అర్థం కాలేదు. "ఏ పాప?"

"నా రంగు పూసుకున్న్య పాప. కడిగినారా, లేదా?"

"అది... కడుగుతారమ్మా. తర్వాత కడుగుతారు. ముందు నువ్వు రా."

"ముందు కడగమను. ఆ ఎండలో ఆ పూత మీద ఎట్లుండాదో ఆ పిల్ల. అది కడుక్కున్న్యాక వస్తా. ఒక బీడులో నేను ఇద్దరు వద్దు."

మేనేజరు నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా కంపెనీవాళ్ళు ఏ కష్టమొచ్చినా నా వైపు చూడడం, నేను మా వాళ్ళకు నచ్చజెప్పడం రివాజు. "ఆమె చెప్పింది కదా," అన్నాను. ఆయన మోటారుసైకిలు తిప్పుకుని పోయాడు.

బస్సులో కూచుని ఎదురుచూశాం. ఎవరో వేరుశనక్కాయలు తీసి పంచారు. వెలుగు తగ్గుతూ ఉంది. "నువ్వు శానా బిగించినావమ్మే," అని ముసలామె గొణిగింది. "బిగించకుంటే జారిపోతాది పెద్దమ్మా," అంది ఆమె.

తెల్ల కారు ఒకటి వచ్చి బస్సు పక్కన ఆగింది. నటి దిగింది. మెడలో తువ్వాలు, రుద్ది రుద్ది ఎర్రబడ్డ మొహం, చెవుల వెనక ఇంకా కొంచెం గోధుమరంగు. కిటికీ దగ్గరికి వచ్చి హిందీలో ఏదో చెప్పింది. నేను తెలుగు చేశాను. "కడిగేసుకుందంట. ఆమెకు టీచరు వేషం ఏదో చూస్తామన్నారంట. చూడకపోయినా ఫరవాలేదు, దురద తగ్గింది అంటోంది."

ఆమె కిటికీలోంచి ఆ పిల్ల మొహం నిదానంగా చూసింది. "ఇప్పుడు బాగుండావు పాపా," అని, డ్రైవరుతో, "తిప్పప్పా," అంది.

ఆ సీను సినిమాలో ఉంది. ఆరు మాటలూ ఉన్నాయి, గొంతూ ఆమెదే. సినిమా ఎన్ని రోజులు ఆడిందని అడిగితే మాత్రం నేను మాట మారుస్తాను. ఎన్ని రోజులు ఆడితే ఏం, ఆమె మొహం తెర నిండా ఉన్నంతసేపు కర్నూలు హాలులో ఎవరూ ఈల వేయలేదు. మొత్తం ఒకే టేకు.

ఆ సాయంత్రం కెమెరా తిరగబోయే ముందు మేకప్ ఆయన పరుగున వచ్చి ఆమె నుదుటికి పౌడరు అద్దబోయాడు. ఆమె తల వెనక్కి తీసింది.

"ఏం పూస్తాండావు?"

"చెమట అద్దుతున్నానమ్మా. వెలుగులో మెరుస్తుంది."

"మెరవనీ," అంది. "గుంత తవ్వినాను కదా."